రుబెర్ శబ్దవిచారము

లాటిను భాషయందు ఎఱ్ఱని వర్ణమును దెలుపు ‘రుబెర్’ అను విశేషణ మొకటి కలదు. సంస్కృతము చదివినవారి చెవికి ఈ మాట సోఁకఁగానే ‘రుధిర’ శబ్దము స్ఫురింపక మానదు. స్ఫురించిన పిమ్మట రెండు త్రోవలు కానవచ్చును. రోమకులు తమ మాటను సంస్కృతమునుండి కొనిపోయి చెడఁగొట్టుకొని రనుట యొకటి. ఈ పోలిక కేవలము కాకతాళీయ మని త్రోసివేయుట రెండవది. మొదటిది అభిమానమువలనఁ బుట్టిన మాట. రెండవది అలసత్వమువలనఁ బుట్టినది. రెండును సత్యమునకు దవ్వే. ఈ శబ్దముయొక్క వ్యాకరణమును, ఉత్పత్తిని అక్షరమక్షరముగఁ బరిశీలించినచో మూఁడవ త్రోవ యొకటి యేర్పడును. ఆ త్రోవను బోయినవారికి లాటిను మాట చరిత్రమే కాక, అమరకోశమున బాలురు వల్లించు రుధిర, లోహిత శబ్దముల పూర్వచరిత్రము కూడ దొరకును.

రూపసిద్ధి

లాటినున విశేషణము సంస్కృతమునందువలెనే విశేష్యముయొక్క లింగ వచన విభక్తుల ననుసరించును. పుంలింగమున రుబెర్, స్త్రీలింగమున రుబ్ర, నపుంసకమున రుబ్రుమ్ అనునవి ప్రథమైకవచన రూపములు. స్త్రీలింగమునందలి తుది యకారము సంస్కృతమునందలి టాబంతమునకును, నపుంసకమునందలి ‘ఉమ్’ అనునది సంస్కృతమునందలి ‘అమ్’ అనుదానికిని సరిపోవుచున్నవి. పుంలింగ రూపము మాత్రము వింతగా నున్నది. ‘బొనుస్’ అనఁగా మంచివాఁడు. ఇట్టి శబ్దములందు ప్రథమైకవచనమున ‘ఉస్’ వినఁబడును. ఇది ‘దేవః’ అనుచోటి సుప్రత్యయముతోఁ గూడిన అదంతమునకు సమానము. ఆ లెక్కను ఎఱ్ఱనివానికి ‘రుబ్రుస్’ అని యుండవలయును. అట్లుండక రుబెర్ అని యేల యయ్యెను?

మిక్కిలి ప్రాచీనమైన లాటినున దీని రూపము ‘రుబ్రొస్’. హల్లుమీఁది రేఫకుఁ బరమైన హ్రస్వ ఒకారము కాలక్రమమున లోపించెను. అంతట హల్లుల నడుమఁ జిక్కిన రేఫ తానే యచ్చువలెఁ బలుకఁబడి, ఋకారమువంటి దయ్యెను. ఋకార తత్త్వ మెఱిఁగిన వైయాకరణులకు ఇది క్రొత్త గాదు. పిమ్మట ఆ రేఫకు ముందు ఎకారము పొడసూపెను. తుది సకారము రేఫలోఁ గలిసి నశించెను. రుబ్రొస్, రుబృస్, రుబెర్స్, రుబెర్ అని యిది క్రమము.

ఇది యూహామాత్ర మని తలఁపరాదు. 1899లో రోమునగరపు ప్రాచీన సభాప్రాంగణమునఁ ద్రవ్వించినపుడు, నల్లరాతి పఱపు క్రింద నొక శిలాశాసనము బయల్పడెను. అది క్రీస్తునకుఁ బూర్వము 6వ శతాబ్దినాఁటి దని పండితుల నిర్ణయము. అందు ‘సక్రొస్’ అను పదము చెక్కఁబడి యున్నది. దేవతార్పితము, శాపగ్రస్తము అని దాని యర్థము. ఇదియే తరువాతి లాటినున ‘సకెర్’ అయినది. సక్రొస్ సకెర్ అయినట్లే రుబ్రొస్ రుబెర్ అయ్యెను. పొలమునకు లాటినున ‘అగెర్’ అని పేరు, గ్రీకున అది ‘అగ్రొస్’, ఋగ్వేదమున ‘అజ్ర’. ఇచ్చటను అదియే సూత్రము ప్రవర్తించినది.

ఇచ్చట నొక శంక పుట్టును. స్వతంత్రునకు లాటినున ‘లీబెర్’ అని పేరు. దాని స్త్రీలింగము ‘లీబెర’. రుబెర్ శబ్దపు స్త్రీలింగము ‘రుబెర’ కాక ‘రుబ్ర’ యేల? లాటిను నేర్చు బాలురు ఈ రెండు తెగలను కారణ మెఱుఁగకయే కంఠపాఠము చేయుదురు. కారణము గ్రీకు భాషలోఁ గలదు. లీబెర్ అనుదానికి గ్రీకున ‘ఎలెఉథెరొస్’ అనునది సోదరశబ్దము. అందు థకార రేఫల నడుమ ఎకారము మొదటినుండియు నున్నది. రుబెర్ అనుదానికి సోదరము ‘ఎరుథ్రొస్’. అందు ఎకారము లేదు. కాఁబట్టి లీబెర్ శబ్దమునందలి ఎకారము సహజము. రుబెర్ శబ్దమునందలిది ఆగంతుకము. సహజమైనది అన్నిరూపములందును నిలిచెను. ఆగంతుకము పుట్టినచోటనే నిలిచి, రుబ్ర, రుబ్రుమ్, రుబ్రీ మొదలగు తక్కిన రూపములఁ జేరదయ్యెను.

ధకారము గతి

ఇఁక ముఖ్యమైన ప్రశ్న. సంస్కృతమున ‘రుధిర’ అని ధకార మున్నది. గ్రీకున ‘ఎరుథ్రొస్’ అని థకార మున్నది. లాటినున బకార మేల? దంత్యాక్షరము ఓష్ఠ్య మగుటకుఁ గారణ మేమి? రుబెర్ శబ్దముయొక్క కుల మీ యొక్క యక్షరముమీఁదనే యాధారపడి యున్నది.

సంస్కృత ధకారమున్నచోట గ్రీకున థకారము వచ్చుట సామాన్యము. లాటినున మాత్రము స్థానమునుబట్టి మూఁడు విధములు. పదాదియందు ఫకారము వచ్చును. సంస్కృతమున ‘ధూమ’ యన్నచోట లాటినున ‘ఫూముస్’. పదమధ్యమున సామాన్యముగా దకారము వచ్చును. ‘మధ్య’ యన్నచోట ‘మెదియుస్’. ‘విధవా’ యన్నచోట ‘విదువ’. అయితే ఆ పదమధ్యముననే రేఫ సన్నిధిని గాని, లకారమునకు ముందు గాని, ఉకారమునకుఁ బిమ్మట గాని యుండెనేని, దకారమును బాధించి బకారము వచ్చును. ఆవు పొదుఁగునకు సంస్కృతమున ‘ఊధస్’, ‘ఊధర్’, గ్రీకున ‘ఊథర్’, లాటినున ‘ఊబెర్’. ఉత్సర్గాపవాద న్యాయ మెఱిఁగినవారికి ఈ వ్యవస్థ సులభముగా బోధపడును. రుబెర్ శబ్దమున ఆ యక్షరము ఉకారమునకుఁ బరము, రేఫకుఁ బూర్వము. ఒక్కటి చాలినచోట రెండు నిమిత్తము లున్నవి. కాఁబట్టి యిచ్చట బకారము రాకయుండిన నాశ్చర్యపడవలసినది గాని, వచ్చుటయం దాశ్చర్యము లేదు.

దీనివలన మొదటి త్రోవ మూసికొనిపోవును. మాట యెరవు తెచ్చుకొన్నపుడు నోరు దానిని వినఁబడినట్లు పలుకఁ జూచును గాని, వేయేండ్ల నాఁటి సూత్రములను జ్ఞప్తికిఁ దెచ్చుకొని మార్పులు చేయదు. నిజముగా భారతదేశమునుండి రోమునకుఁ బోయిన మాటలు కలవు. ‘పిప్పలీ’ శబ్దము గ్రీకున ‘పెపెరి’ యై, లాటినున ‘పిపెర్’ అయినది. సరకుతోఁ గూడ మాటయుఁ బోయెను. పకారములు పకారములుగనే నిలిచెను. గ్రీకునుండి తెచ్చుకొన్న మాటలలో థకారమును రోమకులు తకారముగనో థకారముగనో పలికిరి గాని బకారము చేయలేదు. రుబెర్ శబ్దమునందలి బకారము, ఆ మాట ఎరవు కాదని, రోమకుల తాతముత్తాతల నోటనే పెరిగి వచ్చిన దని సాక్ష్యమిచ్చుచున్నది.

సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు మూఁడును ఒకానొక మూలభాషనుండి పుట్టిన వనియు, ఆ మూలము నేఁడు లేకపోవచ్చు ననియు సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సభలోఁ జెప్పెను. ఫ్రాంజ్ బోప్ అను జర్మను పండితుఁడు 1816లో క్రియారూపములను బోల్చి ఈ శాస్త్రమునకుఁ బునాది వేసెను. ఎఱుపును దెలుపు ‘రెఉధ్’ అను మూలధాతువు ఆ కుటుంబమునందలి శాఖలలోఁ బెక్కింటఁ గలదు. ఇంగ్లీషున ‘రెడ్’, జర్మనున ‘రోట్’, గోతికున ‘రౌథ్స్’, లిథువేనియనున ‘రౌదొనస్’. చీనా తుర్కిస్థానపు టిసుకలోఁ గప్పువడి, 1908లో సీగ్, సీగ్లింగు అను పండితులచేత గుర్తింపఁబడిన తొఖారియను భాషలో సైతము ‘రత్రె’ యని యీ పదమే యున్నది. వర్ణనామములలో నింత విస్తారముగ వ్యాపించిన మాట మఱియొకటి దుర్లభము.

రూఫుస్

లాటినునందే యెఱుపునకు ‘రూఫుస్’ అను మఱియొక మాట కలదు. ఎఱ్ఱని వెండ్రుకలు గలవానికి ఇది ప్రసిద్ధమైన పేరు. పెక్కు రోమక వంశములలో నిది బిరుదనామముగ నుండెను. అర్థ మొకటే, ఆకారము సమీపమే. ఐనను పదమధ్యమున ఫకార మెట్లు వచ్చినది? సూత్రమునుబట్టి యిచ్చట బకార ముండవలయును గదా.

సమాధానము రోమునకు వెలుపల నున్నది. ఇటలీ నడుమ ఉంబ్రియను, ఆస్కను మొదలగు భాషలు లాటినునకు దాయాదులై యుండెను. ఆ భాషలలో మూలధకారము పదమధ్యమునఁ గూడ ఫకారమే యగును. 1444లో గుబ్బియో పట్టణమున దొరకిన కంచు పలకలమీఁద ఉంబ్రియను భాషలో యాగవిధులు చెక్కఁబడి యున్నవి. అందొకచోట బలికిఁ దేవలసిన పందులు ఎఱ్ఱనివి గాని నల్లనివి గాని కావలయు నను విధి కలదు. ఎఱ్ఱనివి యనుటకు ‘రోఫు’ అను పద మున్నది. రూఫుస్ అనునది రోమకు లిట్టి యిరుగుపొరుగువారి నోటనుండి గ్రహించిన మాట. ఎద్దునకు వారు వాడిన ‘బోస్’ శబ్దమును ఇట్టిదే. సంస్కృత ‘గౌః’ శబ్దమునకు సరియైన లాటిను రూపము వకారాదిగ నుండవలయును. బకారము పొరుగు పల్లెల యుచ్చారణము.

కాఁబట్టి రుబెర్, రూఫుస్ అనునవి యొక్క ధాతువు బిడ్డలే యైనను, ఒకటి యింటఁ బెరిగినది, రెండవది పొరుగింటఁ బెరిగి వచ్చినది. వర్ణము, వన్నె యను రెండు మాటలును దెలుఁగున నొక్కమాఱుగ వాడుకలో నున్నట్లే, అవియు రోమున నొక్కమాఱుగ వాడుకలో నుండెను. తత్సమమేదో తద్భవమేదో వర్ణపరిణామమే తేల్చినట్లు, అచ్చటను స్వకీయమేదో పరకీయమేదో వర్ణపరిణామమే తేల్చును.

క్రీస్తు తరువాత 2వ శతాబ్దియం దుండిన ఔలుస్ గెల్లియుస్ తన గ్రంథమున నొక వాదమును వర్ణించెను. కాళ్ల నొప్పితో మంచముపట్టిన ఫ్రోంటో యను విద్వాంసునిఁ జూడవచ్చిన ఫావోరినుస్ అను తత్త్వవేత్త, లాటినున వర్ణనామములు కొఱఁత యని యాక్షేపించెను. నిప్పు ఎఱుపు వేఱు, నెత్తురు ఎఱుపు వేఱు, కుంకుమపువ్వు ఎఱుపు వేఱు. అన్నిటికిని రూఫుస్ అని యొక్కమాటయే చాలునా యని యతని ప్రశ్న. ఫ్రోంటో యూరకుండక, రూఫుస్, రుబెర్ అను రెండేకాక ఫుల్వుస్, ఫ్లావుస్, రుబిదుస్ మొదలుగా మఱి యేడు మాట లున్నవని చూపి, వాని భేదములను వివరించెను. రూఫుస్ శబ్దము ఎఱుపుఁదనమను నర్థముగల ‘రుబోర్’ శబ్దమునకు బంధు వని ఫావోరినుస్ ఎఱుఁగును. అయినను ఫకార బకారముల భేదమునకుఁ గారణ మెవ్వరును జెప్పలేదు. దాయాద భాషలను బ్రక్కప్రక్కఁ బెట్టి చూచు నభ్యాస మప్పటికి లేదు.

రుధిర లోహితములు

ఇదే యభ్యాసలోపము మఱియొక విధమున సంస్కృత వ్యుత్పత్తి విషయమునఁ గూడఁ గానవచ్చును. ఉణాదిసూత్రములలో ‘రుధిర’ శబ్దము అడ్డగించుట యను నర్థముగల రుధ్ ధాతువునకుఁ గిరచ్ ప్రత్యయము చేర్చి సాధింపఁబడినది. ‘రోహిత’, ‘లోహిత’ శబ్దములు మొలచుట, ఎక్కుట యను నర్థములుగల రుహ్ ధాతువునుండి సాధింపఁబడినవి. రూపము రెండుచోట్లను నిర్దుష్టముగ సిద్ధించినది. అర్థమో? నెత్తురు దేని నడ్డగించును? ఎఱుపు దేనిమీఁద మొలచును? వ్యాఖ్యాతలు యుక్తులు చెప్పవచ్చును గాని యవి మనస్సునకుఁ దృప్తి నీయవు. అర్థమును బ్రధానముగఁ బట్టుకొని నిర్వచింపవలయు నని యాస్కుఁడు నిరుక్తమున నేర్పినాఁడు. ఆ నియమమునుబట్టి యీ వ్యుత్పత్తులను మరలఁ బరీక్షింప నవకాశము కలదు.

అమరసింహుఁడు నెత్తురునకు రుధిరము, అసృక్కు, లోహితము, అస్రము, రక్తము, క్షతజము, శోణితము అని యేడు పేరులు చెప్పెను. వీనిలో లోహితము ఎఱ్ఱనిది. రక్తము రంగువట్టినది, ఎఱ్ఱనిది. శోణితము శోణవర్ణముతో సంబంధించినది. మూఁడును మొదట వర్ణవాచకములై పిమ్మట నెత్తురునకుఁ బేరులైనవి. అసృక్ శబ్ద మట్టిది కాదు. అది మొదటినుండియు నెత్తురునకే పేరు. 1906 మొదలు ఆసియా మైనరునఁ ద్రవ్వితీయఁబడి, 1915లో హ్రోజ్నీ పండితుఁడు భాషాస్వరూపము తేల్చిన హిట్టైటు ఇటుకలలో ‘ఎస్హర్’ అని నెత్తురునకు దాని సోదరశబ్ద మున్నది. కాఁబట్టి ప్రాచీనమైన రక్తనామము అసృక్కు. రుధిరము పిమ్మటఁ జేరిన పేరు. అథర్వవేదమున రుధిర శబ్దము పిశాచమునకు విశేషణముగ వచ్చియుండుట గమనింపఁదగినది. విశేషణ మన్నపుడు ఎఱ్ఱనిది యను నర్థమునకు బలము గలుగును. లాటిను, గ్రీకు మాటలను జేర్చి చూచినచో సందేహము నిలువదు. వర్ణము ముందు; రక్తము పిదప.

ఇఁక రోహిత శబ్దము. అందు హకార మున్నది గాని ధకారము లేదు గదా యని శంకింపవచ్చును. ధా ధాతువునకుఁ గ్తప్రత్యయము పరమగునపుడు ‘హి’ యాదేశము వచ్చి ‘హిత’ మగునని పాణిని చెప్పినాఁడు. అచ్చట ధకారస్థానమున హకారము నిలుచుట ప్రసిద్ధము. రోహిత శబ్దమునందును మూలధకారమే హకార మైనది. త అంతమునఁ గల వర్ణవాచకములకు స్త్రీలింగమున ఙీప్పును, తకారమునకు నకారమును వికల్పముగ వచ్చునని చెప్పు పాణిని సూత్రమున రోహిణి యుదాహరణము. రోహిణి యనఁగా ఎఱ్ఱని యావు. ఆకాశమున నెఱ్ఱగ మెఱయు నక్షత్రము. ఇట్లు పాణిని రోహిత శబ్దమును వర్ణవాచకముల నడుమనే నిలిపెను.

రుధిర శబ్దమునందలి ఇకారము గూర్చి యొక మాట. గ్రీకు, లాటినులలో ధకార రేఫల నడుమ అచ్చు లేదని పైనఁ జెప్పఁబడినది; సంస్కృతమున ఇకార మెట్లు వచ్చెను? ఆపస్తంబ శ్రౌతసూత్రమును జర్మను భాషలోనికిఁ బరివర్తించిన కాలండ్ అను డచ్చి పండితుఁడు 19వ శతాబ్దాంతమున నొక రహస్యమును గనిపెట్టెను. రకారాంత విశేషణములు కొన్ని సమాసపూర్వపద మగునపుడు రకారమును విడిచి ఇకారమును బొందును. ‘ఋజ్ర’ శబ్ద మున్నది. సమాసమున ‘ఋజిశ్వన్’ అని వచ్చును. అట్లే ‘రుధ్ర’ యని యొకటి, ‘రుధి’ యని యొకటి యుండఁగా రెండింటి కలయికవలన ‘రుధిర’ మేర్పడిన దని చెప్పుదురు. బధిర, రుచిర శబ్దముల సాహచర్యము కూడఁ దోడై యుండవచ్చును.

ఇంతమాత్రమున ఉణాదికర్తలను దూషింపఁ బనిలేదు. ఉణాదులు బహుళముగఁ బ్రవర్తించు నని పాణినియే చెప్పెను. ఉణాదిసిద్ధములు అవ్యుత్పన్న ప్రాతిపదికము లను పక్షమును భాష్యకారుఁ డంగీకరించెను. అనఁగా నిట్టి శబ్దముల లోపలి విభాగమును శాస్త్రము తుదిమాటగఁ జెప్పలేదు. తలుపు తెఱచియే యుంచెను. ఆ తలుపుగుండ లోనికి వచ్చిన సాక్షి రుబెర్ శబ్దము. ఉణాదులు రెండు ధాతువులకుఁ బంచియిచ్చిన రుధిర లోహితము లొక్కతల్లి బిడ్డ లని ఆ సాక్షి చెప్పుచున్నది. రాగియు, పిమ్మట లోహమాత్రమును దెలుపు ‘లోహ’ శబ్దమును ఆ యింటిదే.

శబ్దకుటుంబము

రోమకులకు నెత్తురునకు ‘సంగ్విస్’, ‘క్రుఓర్’ అను మాటలు వేఱుగ నుండెను. క్రుఓర్ శబ్దము క్రవ్య శబ్దమునకు బంధువు. కాఁబట్టి రుబెర్ శబ్దము రక్తార్థమునకు దిగక వర్ణముగనే నిలిచి, పెద్ద కుటుంబమును బెంచినది. ‘రుబెయో’ యనఁగా ఎఱ్ఱగ నున్నాను. ‘రుబేస్కో’ యనఁగా ఎఱ్ఱఁబాఱుచున్నాను. ‘రుబోర్’ ఎఱుపుఁదనము, సిగ్గువలని ముఖరాగము. ధాతువునకుఁ దప్రత్యయము చేరఁగా ధకార తకారములు కలిసి సకారద్విత్వమై ‘రుస్సుస్’ ఏర్పడినది. రోమునగరపు రథపు పందెములలో నెఱ్ఱపక్షమునకు నీమాటనుండియే పేరు వచ్చినది.

జేగురునకు ‘రుబ్రీక’ యని పేరు. రోమకుల ధర్మశాసనములలోఁ బ్రకరణ శీర్షికలు జేగురుతో వ్రాయఁబడుటచే, ఆ శీర్షికలకును పిదప శాసనమునకును రుబ్రీక యని వాడుక కలిగెను. మధ్యయుగమున క్రైస్తవ పూజాగ్రంథములందు అనుష్ఠానవిధులు ఎఱ్ఱసిరాతో వ్రాయఁబడినవి. వానికిని అదే పేరు. రంగుమన్ను పేరు విధివాక్యమునకుఁ బేరగుట యిట్లు జరిగినది.

పల్లెలలో రోమక కృషీవలులు ఎఱ్ఱయెద్దును ‘రోబుస్’ అనుచుండిరని ఫెస్తుస్ నిఘంటు సంగ్రహము చెప్పుచున్నది. ఎఱ్ఱని చారలు గల కొయ్యకు ‘రోబుర్’ అను పేరు దీనినుండియే వచ్చెనని ఆ గ్రంథముననే కలదు. సింధూరపుఁ జేవకు, పిదప బలమునకు అది పేరాయెను. ఇనుపత్రుప్పునకును, గోధుమపైరునకుఁ బట్టు త్రుప్పు తెగులునకును ‘రోబీగో’ యని పేరు. ఆ తెగులు పైరులను నాశనము చేయకుండుటకై రోమకులు ఏటేట ఏప్రిలు 25వ తేదీని ‘రోబీగాలియ’ యను పండుగ చేసి, కుక్కను బలి యిచ్చెడివారు. ఎఱుపు వారికి సిగ్గున సౌందర్యము, శాసనమున నధికారము, పైరున భయము.

ఇంత కుటుంబమున్నను, లాటిను చీలి క్రొత్తభాష లేర్పడినపుడు రుబెర్ శబ్దము సామాన్యజనుల నోట నిలువలేదు. ఇటాలియను ‘రొస్సో’ రుస్సుస్ నుండి వచ్చినది. ఫ్రెంచి ‘రూజ్’ రుబెయుస్ నుండి వచ్చినది. ఆ రుబెయుస్ శబ్దమే స్పానిషున ‘రుబియో’ యై పసిమివెండ్రుకలవానికిఁ బేరైనది. తల్లి మఱుఁగుపడఁగా బిడ్డలు రాజ్యమేలిరి. మధ్యయుగపు లాటినున ఎఱ్ఱరాయికి ‘రుబీనుస్’ అని పేరు పుట్టి, ఇంగ్లీషున ‘రూబీ’ యైనది. తెలుఁగున ‘కెంపు’ శబ్దమును ఎఱుపును, ఆ రత్నమును రెంటిని దెలుపుట యిచ్చట స్మరింపఁదగినది. 1861లో బున్సెను, కిర్చాఫు అను శాస్త్రజ్ఞులు వర్ణపటమునఁ గానవచ్చిన ముదురెఱుపు గీఁతలను బట్టి తాము కనుఁగొన్న క్రొత్త లోహమునకు రుబిడియ మని పేరు పెట్టిరి.

ఎఱ్ఱసముద్రము

ఈ శబ్దమునకును ఆంధ్రతీరమునకును గల సంబంధము మాటల చుట్టఱికముచేతఁ గాక వర్తకముచేతఁ గలిగినది. గ్రీకులు అరేబియాకు ఇరువైపులనున్న సముద్రములను, హిందూ మహాసముద్రమును గూడ ‘ఎరుథ్ర’ సముద్ర మనిరి. రోమకులు దానిని తమ మాటలోనికి మార్చి ‘మారె రుబ్రుమ్’ అనిరి. మారె యనఁగా సముద్రము; అది నపుంసకము గనుక విశేషణమును నపుంసకమే. పేరునకుఁ గారణమేమో వారికే నిశ్చయము లేదు. ఎరుథ్రాస్ అను రాజు పేరని కొందఱును, సూర్యకాంతి ప్రతిఫలించుటచే నీరు ఎఱ్ఱగఁ దోఁచునని కొందఱును, ఇసుక యెఱ్ఱనిదని కొందఱును జెప్పుచుండిరని ప్లినీ వ్రాసినాఁడు.

క్రీస్తు తరువాత 1వ శతాబ్దిమధ్యమున ఈజిప్టునందలి గ్రీకువర్తకుఁ డొకఁడు ఈ సముద్రతీరముల రేవులను, సరకులను వర్ణించుచు నొక గ్రంథము వ్రాసెను. అందుఁ దూర్పుతీరమున ‘మసాలియ’ యను దేశమును, అచ్చట విస్తారముగ నేయఁబడు సన్నని నూలుబట్టలును బేర్కొనఁబడినవి. ఇది మచిలీపట్టణప్రాంత మని చరిత్రకారుల యభిప్రాయము. అనఁగా నాఁటి పడమటివారి దృష్టిలోఁ గృష్ణాముఖద్వారము ఎఱ్ఱసముద్రపు టొడ్డుననే యుండెను.

మఱియొక సంబంధము రంగులవారి యింట నున్నది. ఎఱ్ఱరంగు నిచ్చు తీఁగవేరునకు లాటినున ‘రుబియ’ యని పేరు. సంస్కృతమున మంజిష్ఠ యనఁబడు తీఁగ ఆ జాతిలోనిదే. వృక్షశాస్త్రజ్ఞు లా జాతిపేరును బట్టియే యొక పెద్ద వృక్షకుటుంబమునకు నామకరణము చేసిరి. మచిలీపట్టణపు కలంకారి యద్దకమున ఎఱుపు నిచ్చిన ప్రసిద్ధమైన చిరువేరు ఆ కుటుంబమునఁ జేరినదే.

ఎఱుపు – ఎరుథ్రొస్

ఇంతదూరము వచ్చిన చదువరికిఁ దెలుఁగు ‘ఎఱుపు’ జ్ఞప్తికి రాకపోదు. గ్రీకు ‘ఎరుథ్రొస్’, తెలుఁగు ‘ఎఱుపు’ – అర్థ మొకటే. మొదటి యక్షరములును సమీపమే. రుబెర్, రుధిరములకంటె నివి చెవికి దగ్గఱగనే తోఁచును. కాఁబట్టి యివియుఁ జుట్టము లనవలదా?

అనరాదు. గ్రీకునందలి తొలి ఎకారము ధాతువున సారమైన భాగము గాదు. ఆ భాషలో రేఫాదిపదములకు ముందు మూలకాలపు టొక మఱుఁగుపడిన ధ్వని యచ్చుగ మిగిలినది. ధాతువునకు సారము రేఫ, ఉకారము, ధకారము. తెలుఁగున ‘పు’ అనునది నలుపు, తెలుపు శబ్దములందువలెఁ బ్రత్యయము. తీసివేయఁగా మిగిలినది ‘ఎఱ’. అందు ధకారమునకు సరియైన యక్షరము లేనే లేదు. ఉన్న రేఫయు శకటరేఫ, సాధురేఫ గాదు. గ్రీకున సారముకాని యచ్చును, తెలుఁగున వేఱుజాతి రేఫను జతచేసి చుట్టఱికము గట్టుట, ఇద్దఱి తలపాగలు చూచి వారిని అన్నదమ్ము లనుటవంటిది. తెలుఁగు, తమిళ, కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, వాని ధాతుసంపద వాని స్వంత మనియు ఎల్లిసు దొర, కాంబెల్ తెలుఁగు వ్యాకరణమునకుఁ జేర్చిన వ్యాసమున, మద్రాసునందు 1816లోఁ జూపెను. అది బోప్ గ్రంథము వెలువడిన సంవత్సరమే యగుట విశేషము. ఒక్కయేఁట నొక్కరీతి విమర్శచేత రెండు మహాకుటుంబములయెల్లలు స్పష్టపడినవి.

కావున రుబెర్ శబ్దము నేర్పున దొకటి కలదు. పోలిక చుట్టఱికము గాదు. పోలికలేమి పరాయితనమును గాదు. ధూమ, ఫూముస్ అను మాటలు చెవికి దూరమైనను తోఁబుట్టువులు. ఎఱుపు, ఎరుథ్రొస్ అను మాటలు చెవికి దగ్గఱయైనను పరాయివి. ఒక్కచోట ధకారము బకార మైన దన్న, అదే నిమిత్తమున్న ప్రతిచోటను అది బకారము గావలయును. కాకున్నచోఁ గారణము చూపవలయును. రూఫుస్ విషయమున నట్టి కారణము చూపఁబడినది. ఈ కట్టుబాటు లేని వ్యుత్పత్తి వినోదము, ఉన్నది శాస్త్రము. అభిమానముతో సంస్కృతమును సర్వభాషలకుఁ దల్లిగఁ జేయఁబోయినవారు దాని తోఁబుట్టువుల సాక్ష్యమును బోఁగొట్టుకొందురు. దానిని జ్యేష్ఠసోదరిగ గౌరవించి తక్కిన సోదరులను విచారించినవారికి, రోమునందలి యొక బకారము అమరకోశమునందలి రుధిర శబ్దమునకు మఱచిపోయిన మొదటి యర్థమును దెచ్చి యిచ్చును.